ముత్తాత బస్రా నుంచి తెచ్చిన పతకం: ఇది హవల్దారుకి ఇచ్చేదేనా?

చంపావతి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది గజపతినగరం దగ్గర పల్లె. పోయిన నెల మా పాత పెంకుటిల్లు విప్పించాం. అటక మీద ఉన్న కుంచంలో, గుడ్డలో మూట కట్టిన పతకం ఒకటి దొరికింది. రిబ్బన్ చివికిపోయి నాలుగు పోగులు మిగిలాయి, నడిమి పోగు నారింజ రంగు. ఒక పక్క రాజు తల ఉంది. రెండో పక్క గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ళ దగ్గర పుర్రె, 1914 అనీ 1918 అనీ అంకెలు. అమ్మ దాన్ని చూసి, "ఇదేం దేవుడ్రా, దేవుడి గదిలో మాత్రం పెట్టకు" అంది.

ఇది మా ముత్తాతది. ఇంట్లో అందరూ ఆయన్ని బస్రా తాత అనే అంటారు. ఆయన 1950ల్లో పోయాడు. మా పెదనాన్నకి ఇప్పుడు 83 ఏళ్ళు, చిన్నప్పుడు ఆయన పక్కలో పడుకుని కథలు విన్నవాడు. పెదనాన్న చెప్పేదాని ప్రకారం బస్రా తాత మొదటి ప్రపంచ యుద్ధానికి, ఇరాక్‌లోని బస్రా రేవుకి, హవల్దారుగా వెళ్ళాడు. విశాఖపట్నంలో ఓడెక్కాడు. అక్కడ శత్రువులు కోట చుట్టూ ముట్టడి వేస్తే తిండి లేక గుర్రం మాంసం తిన్నాడు. తిరిగొచ్చాక ఆ సంగతి తెలిసి కులపెద్దలు తప్పు వేశారు. ఆయన వచ్చింది 1921లో అని లెక్క, ఎందుకంటే మా తాత పుట్టింది ఆ మరుసటేడు.

ఇంకో మాట కూడా చెప్పేవాడట: బస్రా బజార్లో మన రూపాయే చెల్లేదని, దాంతోనే బేరమాడి సరుకు కొన్నానని. ఇది ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదు. ఇప్పటికీ మా వైపు ఎవడైనా పెద్ద అబద్ధం ఆడితే "బస్రా కోతలు కొయ్యకు" అంటారు. ఖర్జూరపండు మాత్రం గుమ్మం దాటనిచ్చేవాడు కాదట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇందులో ఏది నిజం, ఏది కోత? మావాడికి స్కూల్లో కుటుంబ చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు, వారం గడువు. టెన్షన్ వాడికి లేదు, నాకే.

పాతనాణేల పిచ్చోడు:

ముందు ఒక దండం పెట్టి చెబుతున్నాను, చింతపండు పెట్టి తోమకండి. విభూతి, నిమ్మచెక్క, ఏవీ వద్దు. ఎలా ఉన్నదాన్ని అలాగే మెత్తటి గుడ్డలో ఉంచండి.

మీరు చెప్పిన బొమ్మను బట్టి అది బ్రిటిష్ వార్ మెడల్. రాజు ఐదో జార్జి. ఆ బట్టల్లేని మనిషి సెయింట్ జార్జి, గుర్రం తొక్కుతున్నది ప్రష్యా, అంటే జర్మనీ వాళ్ళ గద్ద గుర్తున్న డాలుని. ఇది అరుదైనదేమీ కాదు, వెండివి సుమారు 65 లక్షలు పోశారు. వెండి పతకాలు చాలా ఇళ్ళలో 1930ల్లోనే కంసాలి కుంపట్లోకి పోయాయి.

రెండు సంగతులు చూసి చెప్పండి. ఒకటి, అది తెల్లగా ఉందా, రాగి రంగులో ఉందా? రెండోది ముఖ్యం: పతకాన్ని రూపాయి బిళ్ళలా నిలబెట్టి అంచు చూడండి. ఎవరికిచ్చారో వాళ్ళ నంబరు, హోదా, పేరు, దళం ఆ అంచు మీద ఇంగ్లీషులో అచ్చు గుద్ది ఉంటాయి. జనం రాజు మొహం చూస్తారు, గుర్రాన్ని చూస్తారు, అంచు చూడరు. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.

ఎర్రకండువా:

బ్రిటిషోడికి ఊడిగం చేసినందుకు ఇచ్చిన బిళ్ళ. పాండ్రంగి మీకెంత దూరం? అల్లూరి పుట్టిన గడ్డ పక్కన ఉండి ఇది చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

గుంటూరు మాస్టారు:

ఎర్రకండువా గారూ, చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. ఈయన ముత్తాత ఇంటికొచ్చి అప్పటికి ఏడాదో ఏడాదిన్నరో అయి ఉంటుంది. ఆ రోజుల్లో సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. ఇంట్లో పదకొండు రూపాయలు ఎప్పుడూ చూడని మనిషి ఓడెక్కితే, నూరేళ్ళ తర్వాత మనం ఫోన్ పట్టుకుని తీర్పు చెప్పడం తేలిక.

చంపావతి గారూ, అంచు చూసి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం. హవల్దారు అయ్యే అవకాశం లేకపోలేదు. మద్రాసు శాపర్లలో, అంటే సైన్యంలో వంతెనలూ దారులూ వేసే దళంలో, మనవాళ్ళు చాలామంది ఉండేవారు. 1917 ఫిబ్రవరి 23న ఇరాక్‌లో షుమ్రాన్ దగ్గర టైగ్రిస్ నది దాటేటప్పుడు అవతలి గట్టు నుంచి తూటాలు వస్తుంటే పడవలు నడిపినవాళ్ళలో ఆ శాపర్లున్నారు. విశాఖలో ఓడెక్కడం మాత్రం అనుమానమే. అక్కడ ఓడలు లోపలికొచ్చి ఆనే రేవు తెరిచింది 1933లో. బస్రాకి దళాలు బయల్దేరింది ఎక్కువగా బొంబాయి, కరాచీల నుంచి. మీ తాత విశాఖలో ఎక్కింది రైలు అయ్యుంటుంది.

చంపావతి ఒడ్డు:

రాగి రంగే. వెండి కాదు. (పిచ్చోడు గారూ క్షమించాలి, మీ మెసేజ్ చూసేలోపే అమ్మ చింతపండుతో సగం తోమేసింది. రాజుగారి మొహం తళతళా మెరుస్తోంది.)

అంచు చూశాను. టార్చిలైటు పెట్టి, మావాడి భూతద్దంతో. మొదట ఒక నంబరు, చివరి రెండంకెలు అరిగిపోయాయి. చివర పోర్టర్ కోర్ (బరువులు మోసే దళం) అన్నదానికి పొట్టి అక్షరాలు. మధ్యలో ముత్తాత పేరు, తప్పుల తడకగా ఉన్నా ఆయన పేరే. పేరుకి ముందు హోదా ఉండాల్సిన చోట కూలీ అని ఉంది.

నాలుగుసార్లు చూశాను. కూలీ అనే ఉంది.

పెదనాన్నకి ఇంకా చెప్పలేదు.

పాతనాణేల పిచ్చోడు:

రాగి రంగనగానే అనుకున్నాను. అది కంచు పతకం. వెండివి సిపాయిలకీ, గోరాలకీ. కంచువి కూలి దళాల వాళ్ళకి: చైనావాళ్ళు, దక్షిణాఫ్రికా నల్లవాళ్ళు, మాల్టావాళ్ళు, మనవాళ్ళు. అంతా కలిపి లక్షా పదివేల దాకా పోశారు. బొమ్మ ఒకటే, లోహంలోనే తేడా. కొనేవాడి లెక్కలో ఇప్పుడు వెండిదానికంటే కంచుదే అరుదు. అమ్మమని కాదు, ఊరికే చెబుతున్నా.

గుంటూరు మాస్టారు:

ఇప్పుడు మీ కథలన్నీ కాస్త వేరే వెలుగులో కనిపిస్తున్నాయి.

గుర్రం మాంసం సంగతి చూద్దాం. అది జరిగింది ఇరాక్‌లోనే, బస్రాకి ఎగువన ఉన్న కుట్ అల్ అమారా ఊళ్ళో. జనరల్ టౌన్‌షెండ్ సేన బాగ్దాదు పట్టుకోవాలని టైగ్రిస్ వెంట పైకి వెళ్ళి, 1915 నవంబరులో టెసిఫాన్ దగ్గర దెబ్బతిని వెనక్కి వచ్చి కుట్‌లో చిక్కుకుంది. తుర్కీవాళ్ళ ముట్టడి 147 రోజులు. గుర్రాలు కోసి పంచితే మన సిపాయిల్లో చాలామంది ముట్టలేదు. తినొచ్చు, తప్పులేదని భారతదేశం నుంచి మతపెద్దల అనుమతి తెప్పించారు. అయినా ఊరికి వెళ్తే కులం ఏమంటుందోనన్న బెంగ వాళ్ళది. విమానాల నుంచి పిండి బస్తాలు జారవిడిచారు, అవి చాలలేదు. తుర్కీ సేనాపతికి ఇరవై లక్షల పౌన్లు ఇస్తాం వదిలెయ్యమని బేరం పెడితే తుర్కీవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ బేరానికి వెళ్ళినవాళ్ళలో, తర్వాత అరేబియా లారెన్సుగా పేరు పడ్డ మనిషి కూడా ఉన్నాడు. చివరికి 1916 ఏప్రిల్ 29న 13 వేల మంది లొంగిపోయారు. వాళ్ళని ఎడారి మీదుగా నడిపించుకుపోయారు, దారిలోనూ బాగ్దాదు రైలుదారి పనిలోనూ చాలామంది పోయారు.

మీ ముత్తాత అక్కడ ఉన్నాడని నేననుకోను. పోర్టర్ కోర్‌లు పెద్ద ఎత్తున బస్రా చేరింది కుట్ పడిపోయే రోజుల్లో, ఆ తర్వాత. అసలు కుట్ పడిపోవడానికి ఒక కారణం బస్రాలో కూలీలు లేకపోవడమే. 1914లో బస్రాలో ఓడ ఆనడానికి లోతైన గట్టు లేదు. ఓడలు నది మధ్యలో లంగరేసుకుని వారాల తరబడి నిలిచేవి. సరుకు మహైలాలనే తెరచాప పడవల్లోకి దింపి, అక్కడి నుంచి బురదగట్టు మీదికి మోయాలి. కుట్‌ని విడిపించడానికి బయల్దేరిన సేనకి కావలసిన మందుగుండు, మందులు బస్రాలో ఇరుక్కుని ఉండిపోయాయి. ఆ విడిపించే ప్రయత్నంలోనే 23 వేల మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. లండన్‌లో విచారణ వేశారు, 1917లో ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి చాంబర్లేన్ రాజీనామా చేశాడు. కుట్ పోయాక గానీ రేవు, రైలు, కూలీ అనే మూడు మాటలు దొరలకి అర్థం కాలేదు. గట్లు కట్టారు, పట్టాలు వేశారు, కూలీలని వేలల్లో దింపారు. 1917 మార్చి 11న బాగ్దాదు చేతికొచ్చింది. పేరు జనరల్ మాడ్‌కి వచ్చింది. బస్తాలు మోసింది మీ తాతలాంటివాళ్ళు, అదీ బస్రా ఎండలో.

కుట్ కథ బస్రాలో ప్రతి కూలీకీ తెలిసే ఉంటుంది. ఊరికొచ్చాక చెప్పుకోవడానికి బస్తాల కంటే గుర్రం మాంసం బాగుంటుంది మరి. తప్పు వేశారంటే సముద్రం దాటినందుకే వేసి ఉండొచ్చు, ఇది నా ఊహ.

రూపాయి మాట మాత్రం అక్షరాలా నిజం. మన సైన్యంతోపాటు మన రూపాయి బస్రా వెళ్ళింది, 1932లో దీనారు వచ్చేదాకా ఇరాక్‌లో చెల్లింది. ఊరంతా కోత అని నవ్వింది ఈ ఒక్క నిజాన్ని.

ఇంకొకటి, కాస్త చేదుగా ఉంటుంది. యుద్ధం 1918లో అయిపోయింది, ఈయన వచ్చింది 1921లో. మధ్యలో 1920 ఉంది. టర్కీ పోయింది కదా, మా దేశం మాకు అనుకున్న అరబ్బులకి ఇంగ్లీషువాడు మాండేటు, అంటే ఇక మీ పాలన మాది, అన్నాడు. ఆ వేసవిలో యూఫ్రటీస్ నది పొడుగునా తిరగబడ్డారు, పట్టాలు పీకారు. దాన్ని అణచడానికి ఇండియా నుంచి మళ్ళీ సైన్యం వెళ్ళింది. వేలమంది ఇరాకీలు చనిపోయారు. ఇరాకీలు దాన్ని ఇప్పటికీ ఇరవై నాటి విప్లవం అంటారు. అప్పుడు దిగిన బస్తాలు కూడా ఎవరో ఒకరు మోసే ఉంటారు.

జైళ్ళ నుంచి శిక్ష తగ్గిస్తామని చెప్పి 16 వేల మంది ఖైదీలని తీసుకెళ్ళిన దళాలు కూడా ఉండేవి. వాటి పేరులో జైలు అన్న మాట ఉంటుంది. మీ అంచు మీద లేదు కాబట్టి కంగారు పడకండి.

బస్రాలో కడపోడు:

అన్నా, నేను ఇక్కడ ఆయిల్ ఫీల్డులో ఏడేళ్ళుగా ఉన్నా. మీ పోస్టు మా క్యాంపులో తెలుగోళ్ళం అందరం చదివినాం.

నాసిరియా పోయే రోడ్డు మీద, ఊరికి ముప్పై రెండు కిలోమీటర్ల దూరంలో, ఎడారిలో పెద్ద రాతి కట్టడం ఉంది. బస్రా మెమోరియల్. ముందు రేవు దగ్గర ఉండేదంట, సద్దాం కాలంలో, 1997లో, రాయి రాయి విప్పి ఇక్కడికి మార్చినారు. సమాధి దొరకనోళ్ళు నలభై వేల పైన. ఒకసారి బండి పాడై అక్కడ ఆగినాం, గంటసేపు చూసినా. తెల్లోళ్ళకి పేర్లున్నాయి. మన సుబేదార్లకీ జమేదార్లకీ పేర్లున్నాయి. సిపాయిల దగ్గరికొచ్చేసరికి దళం పేరు, కింద "ఇంకా ఇంతమంది" అని అంకె. 2021లో ఈ కట్టడాన్ని చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వాళ్ళే విచారణ చేసుకుని తప్పయిందని చెప్పినారు. మీ తాతకి అంచు మీద పేరైనా ఉంది, స్పెల్లింగు తప్పయినా.

ఖర్జూరం గురించి నాకేం తెలీదు గానీ, ఇక్కడ రెండేళ్ళున్నాక నేను కూడా తినడం మానేసినా. ఇంటికి పోయినప్పుడల్లా అందరూ డబ్బాలు డబ్బాలు తెమ్మంటారు. వాసన చూస్తేనే ఎండ గుర్తొస్తుంది.

ఎర్రకండువా:

మాస్టారూ, మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. కూలీ అని తెలీదు.

చంపావతి ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్. కడప అన్నా, నీ మాట మా అమ్మకి చదివి వినిపించాను.

ఊళ్ళో పాత కచేరీ దగ్గర యుద్ధానికి వెళ్ళినవాళ్ళ లెక్క చెక్కిన చలువరాయి ఏమైనా ఉందేమోనని వెతికాను, చాలా ఊళ్ళలో ఉంటాయట కదా. మా దగ్గర లేదు. ప్రాజెక్టు రాసేశాం. మావాడు అంచు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అక్షరాలు తీశాడు, అది మొదటి పేజీలో అతికించాడు. కూలీ అన్న మాట బాగానే పడింది.

ఆదివారం పెదనాన్న దగ్గర కూర్చుని అంతా చెప్పాను. రూపాయి సంగతి వినగానే మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఆళ్ళంతా చచ్చిపోయారు గానీ, ఉంటే ఇప్పుడు చెప్పేవాడిని" అన్నాడు. కూలీ సంగతి ఆఖర్న చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. పతకం తీసుకుని అంచు మీద గోరుతో గీకి చూశాడు, ఆయనకి ఇంగ్లీషు రాదు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"హవల్దారు మనవరాలని చెప్పి మీ మేనత్తని పార్వతీపురం ఇచ్చాం. అత్త పోయి పదేళ్ళయింది, మావయ్యా పోయాడు. అయినా ఆళ్ళకి చెప్పకు."