తోలుబొమ్మలాటలో కేతిగాడు ఉండాలా, వద్దా?

పల్లె పాఠకురాలు:
పాఠశాలల్లో తోలుబొమ్మలాట ఆడించేటప్పుడు కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు అనే హాస్యపు బొమ్మలు వచ్చే ఘట్టాలను తీసేయాలని నా అభిప్రాయం. రామాయణం చూడడానికి కూర్చున్న పిల్లలకు ఆ తన్నులాటలు, బంగారక్క ఒంటి మీద విసిరే మాటలు ఎందుకు? చిన్నప్పుడు ఆ ఘట్టం రాగానే మా అమ్మ తల దించుకునేది. చుట్టూ మగవాళ్లు పడీపడీ నవ్వేవారు. కళ బతకాలి, సరే. ఆ బూతు కూడా బతకాలా?

మద్దెల:
నాదీ అదే మాట. సీతాపహరణం జరుగుతుంటే మధ్యలో పకపకలేమిటి? రసభంగం.

తెరవెనుక:
నేను బొమ్మలాడించే ఇంట్లో పుట్టాను. పగలంతా మా నాన్నకు మేకతోలు పని. వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకి, బిగలాగి కట్టి ఎండబెట్టాలి. దీపం పెడితే వెలుగు తోలును దాటి రావాలి. ఎక్కడైనా మందం మిగిలితే తెర మీద అక్కడ రంగు పలకదు. తరువాత ఉలితో ఒక్కొక్క రంధ్రమే కొట్టుకుంటూ పోవాలి. రాముడి కిరీటంలో కనిపించే మెరుపంతా ఆ రంధ్రాలదే. చేతులకు పట్టిన తోలు వాసన ఎంత కడిగినా వదిలేది కాదు. ఊళ్లో కొందరు ఆయనతో దూరంగా నిలబడే మాట్లాడేవారు.

ఆ మనిషే రాత్రి కేతిగాడి గొంతు ఎత్తుకుంటే ఊరి పెద్దలు ముందు వరుసలో కూర్చుని మాటలు పడేవారు. వడ్డీలు, కూలి గింజల కొలతలో మోసం, కరణం లెక్కలు, అన్నీ ఆ చిన్న బొమ్మ నోటి వెంట వచ్చేవి. పొద్దంతా చేలల్లో నడుము వంచిన వాళ్లకు ఆ ధైర్యం ఇంకెక్కడ దొరికేది?

రసభంగం అన్నవారికి ఒక మాట. కథ పద్యాలు మాకు కంఠస్థం, రంగనాథ రామాయణం ద్విపదలు అందులో ముఖ్యం. వాటిని మార్చం. ఆ ఊరి గురించి, ఆ పూట గురించి మాట్లాడే చోటు హాస్యం ఒక్కటే. తెల్లవార్లూ సాగే ఆటలో పాడే గొంతులకు విశ్రాంతి, చూసేవారికి మెలకువ దాని వల్లే.

పాఠకురాలు గారూ, మీ అమ్మగారి బాధ న్యాయమైనది. అటువంటి మాటలు పోవలసిందే. కానీ బంగారక్కను పోనివ్వకండి. మా బృందంలో ఆ గొంతు మా అమ్మది. ఆవిడ ఎదురు జవాబు చెబితే కేతిగాడు నోరెత్తలేకపోయేవాడు.

పల్లె పాఠకురాలు:
మీ అమ్మగారి సంగతి వింటే సంతోషంగా ఉంది. అయితే అన్ని బృందాలూ అలా లేవు. నేను చూసిన చోట ఆడగొంతు కూడా మగవారిదే. ఏ మాట తగదో తేల్చేది ఎవరు? మళ్లీ ఆ మగవాళ్లేనా?

తెరవెనుక:
బృందంలోని ఆడవాళ్లు తేల్చాలి. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఇప్పుడు హాస్యాన్ని కోసేస్తున్నది బూతు మీద కోపం కాదు. నిర్వాహకులు ఇచ్చేది అరగంట. అందులో రాముడికీ రావణుడికీ యుద్ధం పూర్తి కావాలి, కేతిగాడికి చోటెక్కడ?

తోలుబొమ్మల కళాకారులుండే నిమ్మలకుంట ఊళ్లో ఆట తగ్గి దీపాల మీద కప్పే తోలు బుట్టల పని పెరిగింది. అది తిండి పెడుతోంది, తప్పు పట్టను. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. కానీ ఆ బుట్టల మీద నెమళ్లు, పూలు, దేవుళ్లు కనిపిస్తారు. కేతిగాడు ఇప్పటిదాకా నా కంట పడలేదు. మాట లేకుండా ఆ బొమ్మను ఎవరు కొంటారు? వాడికి ఆట తప్ప వేరే బతుకు లేదు.

పాఠశాలలు ఇంకో అరగంట సమయం, దానికి తగిన పారితోషికం ఇస్తే చాలు. పిల్లల ముందు ఏ మాట అనకూడదో ఆటకు ముందే కూర్చుని తేల్చుకుందాం. మీరు కూడా రండి.