గుణవతి అంటే వట్టి మంచిదనేనా?

అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికకి కార్డు మీద వాక్యం ఎంచే పని నాకు పడింది. అందరూ వేసేదే, బైబిల్లో సామెతలు 31:10, "గుణవతియైన భార్య దొరుకుట అరుదు" అని రాసేద్దామని కూర్చున్నా. తీరా ఆ గుణవతి దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆ మాట వినగానే మనకి తలొంచుకుని నడిచే, నోరెత్తని మనిషి గుర్తొస్తుంది కదా, మా అమ్మమ్మ అలాంటిది కాదు. ఎంతసేపు మోకాళ్ల మీద ఉండేదో, తాతయ్య ఇచ్చిన చేబదులు తిరిగివ్వని వాళ్ల గుమ్మం ముందూ అంతసేపు నిలబడేది!

వెతికితే హీబ్రూలో అక్కడున్నది 'ఏషెత్ హయిల్' అట. ఏషెత్ సరే, స్త్రీ అనొచ్చు, భార్య అనొచ్చు. హయిల్ అంటే మాత్రం బలం, పరాక్రమం, చాలాచోట్ల సైన్యం కూడా. న్యాయాధిపతులు 6:12లో దూత గిద్యోనును "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచిన చోటా ఈ హయిలే ఉంది. మగాడికి పరాక్రమం, ఆడమనిషికి గుణమా? రూతు 3:11లో మళ్లీ అదే ఏషెత్ హయిల్ "యోగ్యురాలవు" అయింది.

జవాబు: అనువాదకుల మీద మరీ అంత కోపం వద్దండీ. సంస్కృతంలో గుణానికి వింటినారి అనే అర్థం కూడా ఉంది (ఇక్కడ అది వర్తించదనుకోండి, సరదాకి చెప్పా). అసలు బలం అదే సామెతలు 31లో 17వ వచనంలో ఉంది చూడండి, "నడికట్టుచేత నడుము బలపరచుకొని". ఇంకోటి, 10 నుంచి 31 వరకు 22 వచనాలు, హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో వచనం వరసగా ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. ఏషెత్‌లో మొదటి అక్షరం ఆలెఫ్, హీబ్రూ వరసలో తొలి అక్షరమూ అదే, అంటే ఆ పద్యం ఎత్తుకోవడమే ఆవిడతో.

జవాబు: మరి గుణవతి బదులు వీరనారి అంటే?

జవాబు (ప్రశ్న అడిగింది నేనే): వద్దండీ, కత్తి, గుర్రం కళ్లముందుకొస్తాయి. 'సమర్థురాలు' కొంత నయం, కాకపోతే ఆఫీసు కాగితంలా ఉంది. పైన 17 చెప్పినవారికి వందనాలు. అది చదివాక అమ్మమ్మ బైబిలు తీసి ఆ పేజీ చూశా. 15వ వచనం, "ఆమె చీకటితోనే లేచి" కింద పెన్సిల్ గీత, పక్కన అంచులో చీమల్లాంటి అక్షరాలతో "ఒక్కరోజు పడుకోనివ్వు ప్రభువా" అని ఉంది. ఇల్లంతా తనే మోసిన మనిషి, ఆ మాట పైకి అనగా మేమెవరం వినలేదు.

కార్డు ముందు 17 వేస్తున్నా. 10 లేకపోతే బాగోదని పెద్దమామయ్య పట్టుబట్టాడు, అది వెనకవైపు.