టీకాల ట్యాగ్ చిప్‌లో టెంపరేచర్ సెన్సర్: రెసిస్టరా, బీజేటీనా?

సిలికాన్ సుబ్బడు: టీకాల పెట్టెలో పెట్టే బ్యాటరీ ట్యాగ్‌కి చిప్ చేస్తున్నాం. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందో లేదో చెప్పాలి. ఏ సెన్సర్ మేలు: రెసిస్టరా, బీజేటీనా (బైపోలార్ ట్రాన్సిస్టర్)?

అనలాగ్ అన్నయ్య: ఇంకా బీజేటీ ఏమిటండీ? ఒక్కో కొలతకయ్యే ఎనర్జీని రిజల్యూషన్ (సెన్సర్ పట్టగలిగే అతి చిన్న తేడా) వర్గంతో గుణించి చూడండి. ఆ ఫిగర్ ఆఫ్ మెరిట్ ఎంత తగ్గితే అంత మంచిది. రెసిస్టర్ సెన్సర్లు పదుల ఫెమ్టోజౌళ్లకు దిగిపోయాయి. బీజేటీలు చాలావరకు పికోజౌళ్ల (ఫెమ్టోకి వెయ్యింతలు) దగ్గరే ఉన్నాయి.

టెస్ట్‌బెంచ్: ఆ లెక్కలో కచ్చితత్వం ఎక్కడుంది? చిప్ మీద రెసిస్టర్ విలువ ప్రాసెస్‌లోనే 15 శాతం అటూ ఇటూ అవుతుంది. వేడికి మారేదేమో డిగ్రీకి 0.3 శాతం. అంటే ట్రిమ్ చెయ్యకపోతే (తెలిసిన ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో చిప్‌నీ సరిదిద్దకపోతే) 50 డిగ్రీల తప్పు! మామూలుగా రెండు ఉష్ణోగ్రతల దగ్గర ట్రిమ్ చెయ్యాలి. బీజేటీకి ఒకటి చాలు.

బందరు లడ్డూ: మళ్లీ మొదలెట్టారు ఇద్దరూ.

అనలాగ్ అన్నయ్య: నేను ఎనర్జీ అంటుంటే మీరు ట్రిమ్ అంటారేం? థర్మల్ నాయిస్ (రిజల్యూషన్‌ని చెడగొట్టే గోల) సగానికి తగ్గాలంటే నాలుగింతల ఎనర్జీ కావాలి. అందుకే ఆ వర్గం.

టెస్ట్‌బెంచ్: వర్గం నాకూ తెలుసు. పాత కంపెనీలో డిజైన్ వాళ్లు స్లైడ్‌లో 'టూ పాయింట్ ట్రిమ్' అని ఒక్క ముక్క రాసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయిల్ బాత్ (చిప్పుల్ని ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే నూనె తొట్టి) కుదురుకునేదాకా అర్ధరాత్రి వరకూ కూర్చున్నది నేను. పేపర్లో నా పేరు కూడా లేదు.

అనలాగ్ అన్నయ్య: ఓహో, అదా బాధ! మీ పేరు వెయ్యకపోతే మధ్యలో రెసిస్టరేం చేసింది?

టెస్ట్‌బెంచ్: రెసిస్టర్ మీద నాకేం పగ? పేపర్ కోసం ఇరవై శాంపిళ్లు చేత్తో ట్రిమ్ చెయ్యొచ్చు. లక్షల చిప్పులైతే టెస్టర్ మీద ప్రతి సెకనూ డబ్బే. మీరు బ్యాటరీ ఖర్చే లెక్కేస్తారు. ఆ బిల్లు ఎవరు కడతారన్నదే నా గొడవ.

అనలాగ్ అన్నయ్య: ఆ మాట ముందే అనొచ్చుగా. క్లాక్ చిప్పులకైతే ఎలాగూ పలు ఉష్ణోగ్రతల్లో ట్రిమ్ చేస్తారు, అక్కడ రెసిస్టరే రాజు. ట్యాగ్ సంగతి... ఆలోచించాలి.

సిలికాన్ సుబ్బడు: చెప్పడం మరిచా, నిమిషానికి ఒక్కసారే కొలుస్తాం.

బందరు లడ్డూ: హతవిధీ! కొలతకు ఏకంగా మైక్రోజౌల్ తగలేసినా సగటున 17 నానోవాట్లే. ట్యాగ్ నిద్రలో ఒక్క మైక్రోఆంప్ లాగినా 1.5 వోల్టుల మీద 1500 నానోవాట్లు. ముందు లీకేజీ (నిద్రలోనూ కారిపోయే కరెంటు) చూసుకోండి బాబూ.

అనలాగ్ అన్నయ్య: లీకేజీకి వేరే థ్రెడ్ పెట్టుకోండి. ఇది సెన్సర్ థ్రెడ్.