లీవర్ యాక్షన్ రైఫిల్ మధ్యలో బిగుసుకుపోతే తప్పు ఎవరిది: చేతిదా, తూటాదా, తుపాకీదా?

మలక్‌పేట_మనవడు

మా తాతగారి లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ కిందికీ పైకీ ఆడిస్తే కొత్త తూటా ఎక్కే రకం) వారసత్వంగా నా లైసెన్సు మీదికి వచ్చింది. జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1892 డిజైన్, .44-40 తూటా. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మా ఇంట్లో దాన్ని నూనె రాయడానికి తప్ప ముట్టింది లేదు. 2019 సవరణలో ఒకరి దగ్గర మూడు కాదు, రెండే తుపాకులు ఉండాలన్నప్పుడు కూడా నాన్న దీన్ని వదులుకోలేదు.

మొన్న రేంజిలో ఓ పెద్దాయన దగ్గరుండి కాల్పించారు. మొదటి తూటా బాగానే పేలింది. తర్వాత లీవర్ కిందికి లాగి, పైకి తెస్తుంటే సగంలో బిగుసుకుంది. చూస్తే కొత్త తూటా ముక్కు ఆకాశం వైపు లేచి ఉంది. "చెయ్యి సగంలో ఆపేశావు" అన్నారాయన. తూటాలు అమ్మే అతను పాత సరుకు అన్నాడు. మా బాబాయి అయితే "ఆ తుపాకీ ఎప్పుడూ అంతే" అని తేల్చేశాడు. మీరేమంటారు?

సైనిక్‌పురి_రిటైర్డ్

చెయ్యే బాబూ, సందేహం అక్కర్లేదు. లీవర్‌ను చివరిదాకా కొట్టాలి. పాత వస్తువు, విరిగిపోతుందేమో అని అందరూ మెల్లగా, సగం దాకా లాగుతారు. చివరిదాకా రాకపోతే ఖాళీ కేసు (పేలిన తూటా ఇత్తడి తొడుగు) పూర్తిగా బయట పడదు, కొత్త తూటా పూర్తిగా క్యారియర్ (తూటాను పైకెత్తే భాగం) మీదికి చేరదు. ఆ స్థితిలో పైకి తోస్తే బిగుసుకోక ఏం చేస్తుంది? దీన్నే షార్ట్ స్ట్రోక్ అంటారు. ఆ డిజైన్ వయసు నూట ముప్పై ఏళ్ళు పైమాట. అంత చెడ్డదైతే ఇన్నేళ్ళు బతికేదా?

బాలానగర్_ఫిట్టర్

సార్, గౌరవంతోనే చెప్తున్నా, జామ్ అనగానే చెయ్యి అనేయడం మన దగ్గర అలవాటైపోయింది. ఎక్కడ ఆగిందో అడగకుండా ఎవరి తప్పో ఎలా చెప్తాం?

లీవర్ అసలు కిందికే దిగకపోతే పేలిన కేసు చాంబర్‌లో (తూటా పేలే గదిలో) అతుక్కుందని అనుమానించాలి. పూర్తిగా దిగి, తిరిగి పైకి రాకపోతే క్యారియర్ దగ్గర ఏదో అడ్డుపడింది, చాలాసార్లు అది రెండో తూటానే. పైకి వస్తూ చివర్లో ఆగితే గుండు (తూటా ముందు ఉండి ఎగిరిపోయే భాగం) ఆకారం చూడాలి. పక్కన మెట్టు ఉన్న సెమీ వాడ్‌కట్టర్ గుండ్లు చాంబర్ అంచుకు తట్టుకుంటాయి.

తమ్ముడు చెప్పింది వీటిల్లో ఏదీ కాదు. ముక్కు మరీ పైకి లేచింది. నా అనుమానం తూటా పొడవు మీద.

.44-40 పుట్టింది 1873లో, నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలంలో. అప్పుడు కేసు నిండా మందు కూరేవాళ్ళు. గుండు అడుగు ఆ మందు మీదే ఆని ఉండేది కాబట్టి లోపలికి దిగడానికి చోటు లేదు. పొగరాని మందు వచ్చాక తక్కువ మందుతోనే పని అయిపోతుంది, కేసులో చాలా భాగం ఖాళీ. పైగా ఈ కేసు మూతి దగ్గర బాగా పలచన, గుండును గట్టిగా పట్టుకోలేదు. ఇక గొట్టం మ్యాగజైన్ సంగతి. తూటాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ముందు నుంచి స్ప్రింగు నొక్కుతూనే ఉంటుంది, ప్రతి పేలుడుకూ కుదుపు తగులుతుంది. మూతి దగ్గర క్రింప్ (గుండును పట్టి ఉంచే నొక్కు) వదులైతే గుండు కేసులోకి జారిపోతుంది. తూటా పొట్టిదైపోతుంది. పొట్టి తూటా క్యారియర్ మీద కుదురుగా పడుకోదు, క్యారియర్ ఎత్తగానే ముక్కు ఎగురుతుంది.

వెర్నియర్ కాలిపర్ తీసుకుని కొలువు. గరిష్ఠ పొడవు 1.592 అంగుళాలు, అంటే దాదాపు 40.4 మి.మీ. కంపెనీని బట్టి కొంచెం తగ్గొచ్చు కాబట్టి ఒకే పెట్టెలోవాటిని ఒకదానితో ఒకటి పోల్చు. ఏదైనా తేడాగా పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చొద్దు. గుండు లోపలికి దిగితే మందుకు ఉన్న జాగా తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. అది జామ్ కంటే పెద్ద సమస్య.

ఇంట్లో అసలు తూటాలు వేసి లీవర్ ఆడించి చూడటం మాత్రం వద్దే వద్దు.

దిల్‌సుఖ్‌నగర్_టు_డాలస్

పొడవు మాట నిజం. ఇక్కడ మా క్లబ్బులో వించెస్టర్ 1873 డిజైన్ నకళ్ళు వాడేవాళ్ళు ఎక్కువ. అందులో తూటా నిలువుగా పైకి వెళ్తుంది, ఆ భాగం పేరే లిఫ్టర్. గొట్టంలోంచి తర్వాతి తూటా రాకుండా ఆపేది వేరే ఏదో పీస్ కాదు, లిఫ్టర్‌లో ఉన్న తూటా పొడవే. ఆ తూటా పొడవెక్కువైతే ముక్కు ముందుకు పొడుచుకొచ్చి లిఫ్టర్ కదలదు. మరీ పొట్టిదైతే తర్వాతి తూటా అడుగు అంచు కొంచెం లోపలికి వచ్చేస్తుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపులో ఎవరో కాలు పెట్టినట్టే, ఇక పైకి పోదు. అందుకే .357 మ్యాగ్నం తూటాకు చేసిన 1873 రైఫిల్‌లో మామూలు .38 స్పెషల్ చాలావరకు నడుస్తుంది, గరిష్ఠ పొడవుల్లో తేడా ఒక్క మిల్లీమీటరే. గుండు కేసు మూతికి సమంగా ఉండే వాడ్‌కట్టర్ వేస్తే మాత్రం అక్కడే ఆగుతుంది. దానికి చెయ్యి ఏం చేస్తుంది సార్?

1892 డిజైన్‌లో తూటాను ఆపడానికి విడిగా స్టాప్ ఉంది. కాబట్టి అది కొంచెం ఓపిక ఎక్కువున్న డిజైన్. ఇక మార్లిన్ వాళ్ళ రైఫిళ్ళకైతే అమెరికాలో "మార్లిన్ జామ్" అని ఓ పేరే స్థిరపడింది. లీవర్ మీది పదునైన అంచు క్యారియర్‌ను రుద్దీ రుద్దీ గాటు పెడుతుంది. తర్వాత క్యారియర్ ఉండాల్సిన ఎత్తులో ఉండదు, రెండో తూటా దాని కిందికి జారుతుంది, లీవర్ సగంలో బిగుస్తుంది. ఎంత బాగా వాడితే అంత త్వరగా అరుగుతుంది. మీరు చెప్పినట్టు బలంగా కొట్టేవాళ్ళకే ఈ జబ్బు ముందు వస్తుంది.

సైనిక్‌పురి_రిటైర్డ్

నేను .303 లీ-ఎన్‌ఫీల్డ్ మీద నేర్చుకున్నవాణ్ణి. అదీ అడుగున అంచున్న తూటానే. పై తూటా అంచు కింది దాని అంచు వెనక పడితే బిగుసుకుపోతుంది. అది తూటా తప్పా? లోడ్ చేసింది చెయ్యేగా! మీ లెక్కన పాత తూటా వేసింది కూడా చెయ్యే. కొలవకుండా గొట్టంలో వేసింది ఎవరు?

బాలానగర్_ఫిట్టర్

అలా అయితే వాన పడినా చేతి తప్పే సార్ 😄 లీ-ఎన్‌ఫీల్డ్‌ది పెట్టె మ్యాగజైన్, అందులో తూటాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి అంచుల గొడవ. గొట్టంలో ఆ గొడవ లేదు, దానికి వేరే గొడవలున్నాయి. గొట్టానికి సొట్ట పడినా, స్ప్రింగు అలసిపోయినా, లోపల గ్రీసు గట్టిపడినా తూటా ఆలస్యంగా వస్తుంది. సగం మాత్రమే క్యారియర్ మీదికి ఎక్కుతుంది. బయటికి అది అచ్చం షార్ట్ స్ట్రోక్ లాగే కనిపిస్తుంది. అందుకే పాపం చెయ్యి ఎప్పుడూ ముద్దాయి.

కొత్తపేట_కుర్రోడు

మధ్యలో ఓ డౌటు. ఈ గొట్టంలో సూదిమొన గుండ్లు వేస్తే స్మూత్‌గా వెళ్తాయి కదా?

దిల్‌సుఖ్‌నగర్_టు_డాలస్

వద్దు బాబూ! గొట్టంలో ప్రతి గుండు మొన ముందున్న తూటా ప్రైమర్‌కు (మందును రాజేసే అడుగు బిళ్ళకు) ఆని ఉంటుంది. కుదుపుకు ప్రైమర్ పేలొచ్చు. అందుకే లీవర్ యాక్షన్లకు బల్లపరుపు ముక్కు గుండ్లు. 2000ల మధ్యలో హార్నడీ వాళ్ళు మెత్తటి మొనతో తెచ్చారు, అది వేరే సంగతి. మొన గుండ్లే కావాలంటే గొట్టం లేని డిజైన్లున్నాయి. సావేజ్ 99కి తిరిగే మ్యాగజైన్, బ్రౌనింగ్ బీఎల్ఆర్‌కి పెట్టె.

రాణిగంజ్_హార్డ్‌వేర్

ఇంత చర్చ ఎందుకన్నా. కొత్త స్ప్రింగు మా గల్లీలో చుట్టిస్తా. క్యారియర్ అరిగితే వెల్డింగ్ చేసి ఫైల్ పట్టేస్తాడు మావాడు. పొద్దున ఇస్తే సాయంత్రానికి రెడీ.

సైనిక్‌పురి_రిటైర్డ్

ఆ పని అస్సలు చేయకు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 చదువు. తయారీ, అమ్మకమే కాదు, తుపాకీ రిపేరుకు కూడా లైసెన్సు ఉండాలి. లేత్ ఉంటే సరిపోదు. నీ మంచితనానికి ఇద్దరి మీదా కేసు.

బాలానగర్_ఫిట్టర్

ఇక్కడ మాత్రం సార్‌తో వందకు వంద ఏకీభవిస్తా. నేను రోజూ మైక్రాన్లలో పని చేసేవాణ్ణే, అయినా దాన్ని ముట్టుకోను. చట్టం ఒకటి. రెండోది, క్యారియర్‌కు వెల్డింగ్ వేడి తగిలితే దాని గట్టిదనం మారిపోతుంది, మళ్ళీ త్వరగా అరుగుతుంది. ఇంకా పాత రైఫిల్ విలువ సగం దాని అసలు భాగాల్లోనే ఉంటుంది.

మలక్‌పేట_మనవడు

ఆలస్యానికి క్షమించాలి. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దగ్గర మందు, ప్రైమర్ లేని అల్యూమినియం డమ్మీలున్నాయి, అన్నీ సరైన పొడవువే. లీవర్ మెల్లగా తిప్పినా, గట్టిగా కొట్టినా అవి ఆగకుండా వెళ్ళాయి. నేను కావాలని సగంలో ఆపి తిప్పితే మాత్రం బిగుసుకుంది, కానీ ముక్కు లేవలేదు, తూటా అడ్డంగా కూర్చుంది. తర్వాత మా పెట్టెలో మిగిలినవి కాలిపర్‌తో కొలిచాం. కొన్ని పక్కవాటికంటే మిల్లీమీటరుకు పైగా పొట్టి. ఒకటి రెండింటిలో గుండును వేలితో తిప్పితే తిరుగుతోంది. స్ప్రింగు కూడా కొంచెం మెత్తబడిందన్నారు, మారుస్తారట.

మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు .315, .30-06 చేస్తాయి, .44-40 చేయవు. మరి కాల్చడానికి తూటాలు ఎక్కడివి?

బాలానగర్_ఫిట్టర్

అదే అసలు చిక్కు. రైఫిల్ బాగైనా తిండి దొరకదు. పాత స్టాకు ఉన్న డీలర్ దొరికితే కొనేముందు అక్కడే కొలిపించు. గుండు తిరిగే తూటాలను గన్‌స్మిత్‌కే అప్పగించు, ఇంట్లో ఉంచొద్దు.

సైనిక్‌పురి_రిటైర్డ్

సగంలో ఆపితే బిగుసుకుందని నువ్వే రాశావు కదా. నేను చెప్పిందీ అదేగా.

దిల్‌సుఖ్‌నగర్_టు_డాలస్

సార్, అది కావాలని ఆపినప్పుడు! 🙏