తమ్ముడి బదులు నేను సంతకం పెట్టొచ్చా? ఇంకోటి, ఏడుగురం వంతులేసుకోవడం ఎలా?

పెద్దక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్లు, తొమ్మిదేళ్ల నుంచి స్కిజోఫ్రీనియా. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాడు, కాంబినేటరిక్స్ (ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు, అమర్చొచ్చు అనే లెక్కలు) అంటే ప్రాణం. రెండు వారాల నుంచి మందులు మానేశాడు, స్ట్రిప్ చేతిలో పట్టుకుని వెనక రేకు మీద గోటితో గీతలు గీస్తా కూర్చుంటాడు, తర్వాత అలాగే టేబుల్ మీద పెట్టేస్తాడు, మింగడు. మా చిన్నాన్నేమో వాణ్ణి అడిగేదేంటి నువ్వు సంతకం పెట్టు చేర్పించేద్దాం అంటాడు, మా బావేమో అంతంత లెక్కలు చేసేవాడికి తెలివి లేదని ఎలా అంటారు, వద్దన్నాడంటే వద్దనే అంటాడు, వీళ్లిద్దరి మధ్యా నాకు నిద్ర లేదు. అసలు చట్టం ఏమంటుంది?
ఇంకోటి, ఏడుగురం వంతులేసుకుని చూసుకుంటున్నాం, రోజుకి ముగ్గురం. నిన్న ఏం జరిగిందో ఇవాళ వచ్చినవాళ్లకి తెలీట్లేదు, పైగా ఎప్పుడూ అదే ముగ్గురు కలిసొచ్చి మిగతావాళ్ల మీద చెప్పుకోవడం. దీనికేమైనా పద్ధతుందా?

లాయరమ్మ:
అమ్మా, మీ చిన్నాన్న గారి మాటా పూర్తిగా కరెక్ట్ కాదు, బావగారిదీ కాదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అందులో సెక్షన్ 4 చూడండి. జబ్బుందా లేదా, తెలివెంత అని కాదు అక్కడ చూసేది, ఈ ట్రీట్‌మెంట్ గురించి చెప్పింది అర్థమవుతోందా, తీసుకుంటే ఏమవుద్ది మానేస్తే ఏమవుద్ది అని గ్రహిస్తున్నాడా, తన నిర్ణయం చెప్పగలుగుతున్నాడా అనేది. మనకి తప్పనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన కెపాసిటీ, అంటే సొంతంగా నిర్ణయం తీసుకునే సామర్థ్యం, లేనట్టు కాదని అదే సెక్షన్‌లో రాసుంది. లెక్కలు బాగా చేస్తున్నాడు కాబట్టి ఉందనీ చెప్పలేం.
తనకో ఇంకొకళ్లకో హాని జరిగే పరిస్థితి, లేదా తనని తాను చూసుకోలేక ప్రమాదంలో పడే పరిస్థితి ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకోలేకపోతుంటే అప్పుడు సెక్షన్ 89 కింద ఆస్పత్రిలో చేర్పించొచ్చు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే పేషెంట్ తరఫున మాట్లాడే మనిషి, అప్లికేషన్ పెట్టాలి, ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టే అయ్యుండాలి. ముందు 30 రోజుల వరకే. అప్పుడు కూడా మీ సంతకం తాత్కాలికమే, సమ్మతి ఇవ్వగలుగుతున్నాడా అని ప్రతి 7 రోజులకీ మళ్లీ చూడాలి. ఆ రిప్రజెంటేటివ్ ఎవరో అతనే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు, మనసు నెమ్మదిగా ఉన్న రోజు చూసి అడగండి.

లెక్కల మాస్టారు:
అక్కా, మీ రెండో ప్రశ్నకి జవాబు మీ తమ్ముడికి ఖచ్చితంగా తెలిసే ఉంటుంది, అడిగి చూడండి. ఏడుగురికీ 1 నుంచి 7 దాకా నంబర్లు ఇవ్వండి. సోమవారం 1,2,4. మంగళవారం 2,3,5. బుధవారం 3,4,6. గురువారం 4,5,7. శుక్రవారం 5,6,1. శనివారం 6,7,2. ఆదివారం 7,1,3. ఒక్కొక్కరికీ వారానికి మూడు రోజులు పడతాయి, ఏ ఇద్దర్ని తీసుకున్నా వారంలో సరిగ్గా ఒక్క రోజే కలుస్తారు. నాకు మరీ ఇష్టమైంది ఏంటంటే ఏ రెండు రోజులు చూసినా రెండింట్లోనూ ఉండేది ఒక్కరే, అంటే నిన్నటి సంగతి చెప్పడానికి ఇవాళ ఒక మనిషి తప్పకుండా ఉంటారు. మంగళవారం 2, బుధవారం 3, అలా.
దీన్ని ఫానో ప్లేన్ అంటారు, 1892లో ఇటలీ గణితవేత్త గీనో ఫానో రాసిన దాన్నుంచి ఆ పేరొచ్చింది. ఏడుగురిలో ముగ్గుర్ని 35 రకాలుగా ఎంచుకోవచ్చు, అందులోంచి వారానికి ఏడు జట్లు అంటే 67,24,520 రకాలు, వాటిల్లో ఇలా కుదిరేవి 30 మాత్రమే. ఊరికే కూర్చుని వేస్తే దొరక్కపోవడంలో మీ తప్పేం లేదు. ఒకరు మానేసి ఆరుగురైతే మాత్రం కుదరదు, ఎందుకంటే ఒక్కొక్కరు మిగతా ఐదుగుర్నీ కలవాలి, వచ్చిన రోజల్లా ఇద్దరిద్దర్ని కలుస్తారు, ఐదు బేసి సంఖ్య కదా.

కొడుకుని చూసుకునే నాన్న:
అమ్మా, చార్టూ చట్టం సరే, ఎందుకు మానేశాడో అడిగారా? మావాడు ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు, మందు వల్ల కాళ్లు ఒకచోట నిలవక రాత్రంతా తిరిగేవాడు, మేం అది జబ్బే అనుకుని తిట్టేవాళ్లం. డోస్ మార్చాక సర్దుకుంది. రాత్రిళ్లు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి చెయ్యండి.

పెద్దక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నగారు మీరన్నట్టు అడిగాను. చేతులు వణుకుతున్నాయంట, పెన్ను నిలవట్లేదంట, రాసుకోలేకపోతే నేనెందుకక్కా అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నేను అడగలేదు. డాక్టర్ గారికి ఫోన్ చేశాం, రేపు రమ్మన్నారు, తనే మాట్లాడతానన్నాడు. కాగితం మీద నా పేరు రాసి సంతకం పెట్టాడు, అక్షరాలు వంకరగా వచ్చాయని రెండుసార్లు చింపి మళ్లీ రాశాడు. చార్ట్ చూపించగానే ఫానో అన్నాడు. కాసేపు చూసి, చిన్నాన్నని 4 చెయ్యి, బావని 7 చెయ్యి, గురువారం ఒక్కరోజే వాళ్లిద్దరూ కలుస్తారు, ఆ రోజు 5 నువ్వుండు అన్నాడు.