వేటకు ఏ స్కోప్: ఫస్ట్ ఫోకల్ ప్లేనా, సెకండ్ ఫోకల్ ప్లేనా?

కొత్త బ్లైండ్: అన్నలూ, .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. వేటకి లీజుకి తీసుకున్న నేల దక్షిణ టెక్సస్‌లో. వైట్‌టెయిల్ జింకలు, అడవిపందులు, అంతే నా వేట. బ్లైండ్ (దాక్కుని కూర్చునే గుడిసె) ముందు 100 గజాల్లో ఫీడర్, అంటే మేత చల్లే డబ్బా. పక్కన మెస్కీట్ పొదలు కొట్టేసి తీసిన సెండెరో 300 గజాల దాకా తిన్నగా పోతుంది. షాపువాడు ఎఫ్‌ఎఫ్‌పీ (ఫస్ట్ ఫోకల్ ప్లేన్) కొనమంటున్నాడు, లీజులో నాతో ఉన్నాయన ఆ మాటకి నవ్వుతున్నాడు. ఏది కొనను?

మిల్‌డాట్: ఎఫ్‌ఎఫ్‌పీ, రెండో మాట లేదు. జూమ్ పెంచితే బొమ్మతోపాటు రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) కూడా పెరుగుతుంది. గీతల లెక్క ఏ జూమ్‌లోనైనా ఒకటే. ఎస్‌ఎఫ్‌పీ (సెకండ్ ఫోకల్ ప్లేన్)లో రెటికిల్ సైజు మారదు కాబట్టి ఆ లెక్క ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది, మామూలుగా అన్నిటికంటే పెద్ద జూమ్ దగ్గర. నీ .308లో 150 గ్రెయిన్ తూటాని 200 గజాలకు జీరో చేస్తే (గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేస్తే) 400 దగ్గర సుమారు 24 అంగుళాలు దిగుతుంది. అంటే 1.7 మిల్ (రెటికిల్ గీతల కోణం కొలత). ఎస్‌ఎఫ్‌పీని సగం జూమ్‌లో పెట్టి అదే గీత వాడావనుకో, అది 3.4 మిల్ అయి కూర్చుంటుంది. తూటా రెండడుగులు పైకి, జింక వీపు దాటి పోతుంది.

మెస్కీట్ బాబాయ్: లెక్క బాగుంది మిల్‌డాట్ తమ్ముడూ, కానీ 400 గజాలు ఎవరడిగారు? ఇతని సెండెరో 300తోనే అయిపోయింది. అక్కడ దిగేది 8 అంగుళాలు. ఛాతీ మధ్యకి బదులు వీపు అంచుకి గురిపెడితే చాలు, గీతలతో పనే లేదు.

అసలు సంగతి వెలుతురు. టెక్సస్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా జింకను కొట్టొచ్చు. పెద్ద కొమ్ముల మగది ఆ అరగంట కోసమే కాచుకుని ఉన్నట్టు బయటికొస్తుంది. 40 మి.మీ. లెన్స్‌ని 12 రెట్ల జూమ్ మీద పెడితే కంటికి చేరే వెలుగు వలయం 3.3 మి.మీ., 4 మీద పెడితే 10. అందుకే చీకటి పడుతుంటే అందరం జూమ్ తగ్గిస్తాం. సరిగ్గా అక్కడే ఎఫ్‌ఎఫ్‌పీ రెటికిల్ సాలెపోగులా సన్నబడిపోతుంది. ముందు బూడిదరంగు జింక, వెనక నల్లటి పొద, మధ్యలో క్రాస్ ఎక్కడుందో దేవులాడుకోవాలి. ఎస్‌ఎఫ్‌పీ డ్యుప్లెక్స్‌లో (అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే మామూలు క్రాస్) లావు గీతలు ఏ జూమ్‌లోనైనా అంతే లావుగా ఉండి కంటిని మధ్యకి తెస్తాయి.

మిల్‌డాట్: అది ప్లేన్ తప్పు కాదు బాబాయ్, సన్నటి టాక్టికల్ రెటికిల్ తప్పు. జర్మన్లు దశాబ్దాలపాటు ఎఫ్‌ఎఫ్‌పీలో లావు గీతల నంబర్ 4 రెటికిల్ పెట్టుకుని వెన్నెల్లో పందులను కొట్టారు. పైగా ఇప్పుడు రెటికిల్‌ని వెలిగించే ఇల్యూమినేషన్ ఉందిగా.

మెస్కీట్ బాబాయ్: కొట్టారు, కాదనను. కానీ జూమ్ పెంచితే జింకతోపాటు ఆ గీతలు కూడా లావెక్కుతాయి, కప్పేది ఏమీ తగ్గదు. ఇప్పుడు అక్కడి కంపెనీలు కూడా వేట స్కోపుల్లో ఎక్కువగా ఎస్‌ఎఫ్‌పీలో వెలిగే చుక్కే ఇస్తున్నాయి. ఇల్యూమినేషన్ మంచిదే, బ్యాటరీ ఉన్నంతసేపు.

గుంటూరు నుంచి: చదవడానికి బాగుంది కానీ, ఇక్కడివాళ్లు ఉత్సాహపడకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జింక జోలికి వెళ్తే జైలే.

ప్రాంగ్‌హార్న్: నేను వయోమింగ్ బయలు నేలల్లో వేటాడతాను, 400 గజాలు అక్కడ మామూలే. మీరిద్దరూ వదిలేసిన ముక్క ఒకటుంది: టరెట్, అంటే గురిని పైకీ కిందకీ జరిపే స్కోప్ మీది గుండీ. దాని క్లిక్ విలువకి జూమ్‌తో సంబంధం లేదు, ఎస్‌ఎఫ్‌పీ అయినా సరే. అంత దూరంలో జంతువు నిలబడి ఉంటే దూరం చూసుకుని ఆ గుండీ తిప్పే టైమ్ దొరుకుతుంది. ఇక మిగిలేది గాలి. అది నిమిషానికోలా మారుతుంది కాబట్టి దాన్ని గీతతోనే పట్టుకోవాలి. మధ్యాహ్నం ఎండకి నేల మీద గాలి అలలు లేచి బొమ్మ ఊగుతుంటే జూమ్ తగ్గించక తప్పదు. అలాంటప్పుడే నా ఎఫ్‌ఎఫ్‌పీకి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. 300 లోపు ఫీడర్ వేటకి అంత బరువు, అంత ఖర్చు దండగ. అదే డబ్బుకి ఎస్‌ఎఫ్‌పీలో ఇంకా మంచి గాజు వస్తుంది.

కొత్త బ్లైండ్: అయితే 3-9x40 (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. లెన్స్) ఎస్‌ఎఫ్‌పీ తీసుకుంటున్నా. మిల్‌డాట్ అన్నా, కోపం లేదుగా?

మిల్‌డాట్: కోపమెందుకు, తీసుకో. డ్యుప్లెక్స్ అయితే గొడవే లేదు. గీతలున్నది తీసుకుంటే మాత్రం లెక్క ఏ జూమ్ దగ్గర సరిపోతుందో మాన్యువల్‌లో చూడు. 9 దగ్గర 1 మిల్ ఉన్న గీత 6 దగ్గర ఒకటిన్నర అవుతుంది. సీజన్ ముందు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి 300 గజాల దగ్గర కాగితం మీద రెండు జూముల్లోనూ కొట్టి చూసుకో.