ఎడమ సిలిండర్ కొట్టడం లేదు, ఇంజన్ విప్పే ముందు ఇంకేం చూడాలండీ?

అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లె. బండి నాన్నగారిది, 1980ల నాటి 350 సీసీ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, సీబీ పాయింట్ల ఇగ్నిషన్ (పాయింట్లు తెరుచుకుని మూసుకుంటూ ప్లగ్‌లో నిప్పు పుట్టించే పాత పద్ధతి). మొన్నటి ముసురు తర్వాత ఒక సిలిండర్ మీదే నడుస్తోంది. స్టార్ట్ చేసి రెండు సైలెన్సర్ల మీదా నీళ్లు చిలకరిస్తే కుడిదాని మీద చుయ్యిమన్నాయి, ఎడమది చల్లగానే ఉంది.

ఎడమ ప్లగ్ పెట్రోల్‌తో తడిసి వస్తోంది. అంటే కార్బురేటర్ పని చేస్తున్నట్టే కదా? ప్లగ్గులు, క్యాపులు అటూ ఇటూ మార్చాను. ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్స్ కూడా అలాగే మార్చాను. అయినా లోపం ఎడమవైపే ఉండిపోయింది. ప్లగ్ ఇంజన్‌కి ఆనించి కిక్కు కొడితే కుడివైపు నీలం నిప్పు, ఎడమవైపు సన్నగా ఎర్రగా వస్తోంది. పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ 0.35 మిల్లీమీటర్లు పెట్టాను. వేలు అడ్డుపెట్టి చూస్తే కంప్రెషన్ రెండువైపులా ఒకేలా తోస్తోంది, గేజ్ మాత్రం లేదు.

నా అనుమానం కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు ఎగరకుండా చూసే చిన్న భాగం) మీద. పాతది విడదీసి, పరీక్షకి మాత్రం వేరే పాయింట్ల బండి కండెన్సర్ వైరుతో బయట కట్టి చూడొచ్చా?

మా మెకానిక్ క్రాంక్ సీల్ (ఇంజన్ లోపలికి బయటి గాలి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, ఇంజన్ దింపాలంటున్నారు. సీల్ గాలి లాగితే ప్లగ్ పొడిగా ఉండాలి కదండీ? దింపకుండా సీల్ తేల్చుకునే దారి ఉంటే దయచేసి చెప్పండి. ఈ బండికి విడిభాగాలు దొరకడమే కష్టం, అనవసరంగా విప్పించడం నాకు ఇష్టం లేదు.